ఖలాసీ చాచా మూ కా బాజా

మా చాచా రేణిగుంట జంక్షన్‌లో ఖలాసీ. ఆగిన బండి పక్కన నడుస్తూ ఒక్కో చక్రాన్నీ సుత్తితో కొట్టి వినడం ఆయన డ్యూటీ. ఖంగుమంటే చక్రం గట్టిది. బొంగురుగా పలికితే ఎక్కడో పగులుంది. డ్యూటీ దిగాక ఖాకీ చొక్కా జేబులోంచి మౌత్ ఆర్గాన్ తీసేవాడు. మా ఇంట్లో దాని పేరు ‘మూ కా బాజా’. దాదీమాకు మాత్రం అది ఇబ్లీస్ బాజా. “నమాజ్ చదివే నోట్లో ఇదేందిరా” అని కసిరేది. చాచా జవాబు చెప్పేవాడు కాదు. లేచి ప్లాట్‌ఫాం చివరికి పోయేవాడు. అజాన్ వినబడితే ఆపేసేవాడు. మొహర్రం పది రోజులూ ముట్టుకునేవాడు కాదు. మిగతా రోజుల్లో ఆయన మెహఫిల్ అక్కడే, సిమెంటు బెంచీ మీద.

పోయినేడు చాచా ఇంతెకాల్ అయ్యాడు. చాలీస్వా నాడు చాచీ ఒక గుడ్డసంచి నా చేతిలో పెట్టింది. “తూ లిక్తా నా, తూచ్ రక్‌లే” అంది. రాసేవాడివి కదా, నువ్వే ఉంచుకో అని. అందులో టవర్ అని రాసున్న చైనా మౌత్ ఆర్గాన్, సగం విరిచిన షేవింగ్ బ్లేడు, పల్చటి కాగితం ముక్క ఉన్నాయి.

పాత సాజులు జమ చేసే దోస్తు ఒకడున్నాడు హైదరాబాద్‌లో. ఫోటో పంపకముందే అడిగాడు, “మూత మీద ఆరు మొనల చుక్క ఉందా?” అని.

ఆ చుక్క వెనక పెద్ద కహానీ ఉంది. జర్మనీలో ట్రాసింగెన్ అనే చిన్న ఊరు. గడియారాలు చేసుకునే మథియాస్ హోనర్ 1857లో అక్కడ మౌత్ ఆర్గాన్ల పని మొదలెట్టాడు. మొదటి సంవత్సరం చేసినవి 650. తర్వాత ఆ ఊరి పేరే దునియా అంతా మోగింది. 1896లో వచ్చిన ‘మెరైన్ బ్యాండ్’ మోడల్ మీద రెండు చేతుల మధ్య ఆరు మొనల చుక్క ఉండేది. అది కంపెనీ ముద్ర. కానీ యూదుల గుర్తు కూడా ఆరు మొనల చుక్కే. నాజీల జమానాలో అది మూత మీద నుంచి మాయమైంది. అందుకే జమ చేసేవాళ్లు ముందు చుక్క కోసం వెతుకుతారు. ఉంటే యుద్ధానికి ముందుది, లేకపోతే తర్వాతది. జేబులో పట్టే పిల్లల బాజా మీద కూడా హుకూమత్ చెయ్యి పడింది.

దీని లోపల ఉండేది సన్నటి ఇత్తడి నాలుకలు. వాటినే రీడ్లు అంటారు. ఒక కొస రివెట్‌తో బిగించి ఉంటుంది, ఇంకో కొస గాలికి వణుకుతుంది. కొసను గీకితే సుర్ పైకి పోతుంది, మొదలు దగ్గర గీకితే కిందికి దిగుతుంది. చాచా బ్లేడు అందుకే. ఉమ్మి తడికో దుమ్ముకో నాలుక ఇరుక్కుంటే కాగితం దూర్చి లాగేవాడు. టవర్‌లో ఒక్కో సురానికి రెండు రీడ్లు. రెండింటి శ్రుతీ వెంట్రుకవాసి తేడాగా పెడతారు. అందుకే ఆ సన్నటి వణుకు.

చిన్న మెరైన్ బ్యాండ్‌కు పది రంధ్రాలే. కింది సప్తకంలో ‘మ’, ‘ధ’ ఉండవు. తయారు చేసినవాళ్లు వాటిని పెట్టలేదు. అమెరికాలోని నల్లవాళ్లు నోటి ఆకారం మార్చి, గాలిని లోపలికి లాగి, ఉన్న సురాలను వంచి లేని సురాలను రాబట్టారు. బ్లూస్ సంగీతంలో మౌత్ ఆర్గాన్ ఏడుపు అట్లా పుట్టింది. డీఫోర్డ్ బెయిలీ అనే నల్ల కళాకారుడు 1927లో ‘పాన్ అమెరికన్ బ్లూస్’ రికార్డు చేశాడు. అందులో మాట లేదు, వస్తున్న రైలు ఉంది. నాష్‌విల్ రేడియోలో మషూర్ అయ్యాడు. 1941లో ఆ రేడియోవాళ్లు తీసేశారు. తర్వాత బూట్లు పాలిష్ చేసుకుని బతికాడు.

మా రేణిగుంటకు రైలు 1862లో వచ్చింది, అరక్కోణం నుంచి మద్రాసు రైల్వే లైను. చాచాకు బెయిలీ పేరు తెలియదు. అయినా మెయిల్ బండి కూత, పాయింట్లు మారేచోట చక్రాల టకటకా అన్నీ వాయించేవాడు. రైలు పక్కన బతికేవాడి చేతికి ఈ బాజా దొరికితే ముందు రైలే పలుకుతుందేమో.

పాటలు మాత్రం చాచాకు సినిమాల నుంచి వచ్చాయి. 1958 ‘సోల్వా సాల్’లో దేవానంద్ రైల్లో పాడుతుంటే పక్కన మౌత్ ఆర్గాన్ మోగుతుంది. గొంతు హేమంత్ కుమార్‌ది, బాజా ఆర్.డి. బర్మన్‌ది. 1964 ‘దోస్తీ’లో కుంటి కుర్రాడు వాయిస్తే కళ్లు లేని కుర్రాడు పాడతాడు. అక్కడా వాయించింది బర్మనే. ఈ రెండు సినిమాలకూ పాటలు రాసింది మజ్రూహ్ సుల్తాన్‌పురీ. ‘దోస్తీ’ని బాపు 1977లో ‘స్నేహం’గా తెలుగులో తీశారు. 1975 ‘షోలే’లో అమితాబ్ సాయంత్రం మెట్ల మీద కూర్చుని వాయించేది అసలు భాను గుప్తా దమ్. తెర మీద ఈ బాజా ఎవరి చేతిలో ఉందో చూడండి. ఫుట్‌పాత్ కుర్రాడు, జైలు నుంచి వచ్చిన దొంగ, జేబు ఖాళీ ఆవారా. ఉస్తాద్ ఉండడు, షాగిర్ద్ ఉండడు, ఘరానా ఉండదు.

దీని పెద్దన్న హార్మోనియం. దానికీ ఇవే ఇత్తడి నాలుకలు. మన గమకాలు పలకవని రేడియోవాళ్లు 1940లో దాన్ని బయట పెట్టారు. మళ్లీ తలుపు తీయడానికి 1971 దాకా పట్టింది. దాని మీద వాదించడానికి విద్వాంసులైనా ఉన్నారు. మూ కా బాజా గురించి వాదించినవాళ్లు కూడా లేరు.

చాచా నాకు నేర్పబోయాడు. నేను బుగ్గలు ఉబ్బించి ఊదేవాణ్ని. “ఫూంకో నక్కో రే, సాంస్ లే” అనేవాడు. ఊదొద్దురా, ఊపిరి తీసుకో అని. పిల్లనగ్రోవి బయటికి పోయే ఊపిరికే పలుకుతుంది. ఇది లోపలికి తీసుకునే ఊపిరికి కూడా పలుకుతుంది. ఆఖరి సంవత్సరాల్లో చాచాకు దమా. దమ్ అంటే ఊపిరి, దమా అంటే అది అందకపోవడం. మంచం మీద రెండు సురాలు వాయించి దగ్గేవాడు. మళ్లీ రెండు వాయించేవాడు.

ఫోటో చూసి దోస్తు నిజమే చెప్పాడు, “చుక్క లేదు, ధర రాదు” అని. ఊది చూశాను. మధ్యలో రెండు సురాలు ఖామోష్. ఎక్కువ వాడిన రీడ్ ముందు అలిసి విరుగుతుందట. కొత్త రీడ్లు వేయిస్తానన్నాడు దోస్తు. వద్దన్నాను. ఏ కంపెనీ, ఏ సంవత్సరం అని మూత చెబుతుంది. ఎవరు వాయించారో, ఏ సురాన్ని ఎక్కువ ప్రేమించారో ఆ విరిగిన నాలుకలే చెబుతాయి. చాచా తారీఖ్ అని మా దగ్గర ఉన్నది అంతే.

మా పాప వాయిస్తానంది. దానికి వేరేది కొనిచ్చాను. బుగ్గలు ఉబ్బించి ఊదుతోంది. చాచా మాట చెప్పాను, “ఊదొద్దు, సాంస్ లే” అని.