డాంట్‌జిగ్ గారి పథ్యం

ఎంబీఏలోనో ఎమ్మెస్సీ గణితంలోనో ఆపరేషన్స్ రీసెర్చ్ చదివినవాళ్లకు ‘డైట్ ప్రాబ్లం’ గుర్తుండే ఉంటుంది. ఒంటికి కావలసిన పోషకాలన్నీ అందాలి, ఖర్చు మాత్రం వీలైనంత తగ్గాలి. ఏ సరుకు ఎంత కొనాలి? పరీక్షలో రెండు సరుకులిచ్చి గ్రాఫ్ గీయమంటారు. అసలు లెక్క అంత తేలిగ్గా తెమల్లేదు.

అమెరికా ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ 77 సరుకులు, 9 పోషకాలతో కుస్తీ పట్టాడు. కచ్చితంగా తేల్చే పద్ధతి అప్పటికింకా లేదు. పనికిరానివి ఏరేసి, మిగిలినవి అటూ ఇటూ సర్ది, 1939 ధరల్లో మనిషికి ఏడాదికి 39.93 డాలర్లు చాలన్నాడు. గోధుమపిండి, డబ్బాపాలు, క్యాబేజీ, పాలకూర, ఎండు చిక్కుడుగింజలు. ఏడాదంతా అవే! 1945లో ఈ లెక్క అచ్చయింది.

1947లో అమెరికా వైమానిక దళంలో పనిచేస్తున్న జార్జ్ డాంట్‌జిగ్ సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టాడు. షరతులన్నీ కలిసి కట్టిన హద్దుల్లో ఏదో ఒక మూలన జవాబు ఉంటుంది. ఒక మూల నుంచి అంతకన్నా మెరుగైన పక్క మూలకు జరుగుతూ పోవాలి. ఆ పద్ధతికి తొలి పెద్ద పరీక్ష స్టిగ్లర్ లెక్కే. చేత్తో నడిపే లెక్కల యంత్రాలతో, లెక్కగట్టినవాళ్ల శ్రమంతా కలిపి 120 పనిదినాలు పట్టింది. జవాబు 39.69 డాలర్లు. స్టిగ్లర్ 24 సెంట్ల తేడాలో కొట్టాడన్నమాట!

  

1950లలో డాక్టరు బరువు తగ్గమంటే డాంట్‌జిగ్ తన పథ్యాన్నే కంప్యూటర్‌కు అప్పగించాడు. కడుపు నిండినట్టుండాలి కాబట్టి, నీళ్ల బరువు తీసేయగా మిగిలే తిండి బరువు గరిష్ఠం కావాలన్నాడు. వచ్చిన జాబితాలో 500 గ్యాలన్ల వెనిగర్! పట్టికలో దాని నీటిశాతం సున్నా అని పడింది మరి. వెనిగర్ కొట్టేస్తే రోజుకు 200 సూప్ బిళ్లలు తినమంది. నాలుగు బిళ్లలు వేడినీళ్లలో కలిపి నోట్లో పోసుకుని, ఉప్పుకషాయంలా ఉంటే ఉమ్మేశాడు. ఉప్పు ఇంతకు మించకూడదన్న షరతు పోషకాల పట్టికలో లేనేలేదు. సూప్ బిళ్లలకు కళ్లెం వేస్తే తవుడు, తవుడుకు వేస్తే బెల్లంపాకం లాంటి మొలాసిస్.

చివరికి భార్య యాన్ ఆ జాబితాల్లోంచి పనికొచ్చేవి ఏరుకుని తనే పథ్యం పెట్టింది. ఆయన 22 పౌండ్లు తగ్గాడు.