కోతగాడి పైబట్ట: యూదు ధర్మశాస్త్రంలో అప్పు, న్యాయం

మధ్యధరా సముద్రపు ఒడ్డున, యొప్పే రేవుకు దక్షిణంగా ఉన్న ఒక పాత కోట శిథిలాల్లో 1960లో ఒక కుండపెంకు దొరికింది. దాని మీద సిరాతో రాసిన హెబ్రూ పంక్తులున్నాయి. క్రీ.పూ. 7వ శతాబ్దం చివరి భాగానివని పండితులు తేల్చారు. అది రాజు విజయగాథ కాదు, దేవుడి స్తోత్రమూ కాదు. ఒక కోతకూలీ కోట అధికారికి పెట్టుకున్న అర్జీ. లేఖకుడెవరో రాసిపెట్టి ఉండవచ్చు. గోడు మాత్రం కూలీదే.

తాను కోత కోశాడు, కొలిచాడు, గాదెకు చేర్చాడు. పని ముగిసిన తర్వాత షోబై కొడుకు హోషయాహు వచ్చి తన పైబట్ట లాక్కుపోయాడు. తనతోపాటు ఎండలో కోసిన తోటివాళ్లంతా సాక్ష్యం చెబుతారు. తాను ఏ తప్పూ చెయ్యలేదు. బట్ట ఇప్పించండి. విరిగిన చివరి పంక్తుల్లో చదవగలిగినంతలో అతను అంటున్నది, ఇప్పించడం తమ విధి కాదనుకుంటే కనికరించైనా ఇప్పించండి అని. ఆ తర్వాత పెంకు లేదు.

ఒక బట్ట కోసం ఇంత గొడవా అని మనకు అనిపించవచ్చు. ఆనాటి బీదవాడికి పగలు కప్పుకునేదీ అదే, రాత్రి పరుచుకునేదీ అదే. ఈ సంగతి ధర్మశాస్త్రం రాసినవాళ్లకు బాగా తెలుసు. పొరుగువాడి పైబట్టను కుదువ పెట్టుకుంటే పొద్దు గుంకేలోగా తిరిగి ఇచ్చెయ్యాలని నిర్గమకాండం ఆదేశిస్తుంది. ఇవ్వకపోతే వాడు దేన్ని కప్పుకుని పడుకుంటాడని కారణం కూడా చెబుతుంది. ద్వితీయోపదేశకాండం ఇంకొక అడుగు ముందుకు వేసింది. అప్పిచ్చినవాడు కుదువ వస్తువు కోసం బాకీదారు ఇంట్లోకి అడుగుపెట్టకూడదు, బయటే నిలబడాలి, వస్తువును బాకీదారే తెచ్చి ఇవ్వాలి. విధవరాలి బట్టనైతే అసలు కుదువ పెట్టుకోకూడదు. అప్పుపడ్డవాడి గడపకు కూడా ఒక మర్యాద ఉందని గుర్తించిన శాసనం ఇది. ప్రాచీన న్యాయశాస్త్రాల్లో ఇటువంటి సూక్ష్మదృష్టి అరుదు.

మన కోతగాడిది కుదువ వ్యవహారం కాకపోవచ్చు. పని తక్కువైందనే నెపంతో పైవాడు బట్ట పట్టుకుపోయి ఉంటాడని చాలామంది ఊహ. మనం గమనించవలసింది ఒకటుంది. అతను అర్జీలో ఏ శాస్త్రాన్నీ ఉదాహరించలేదు. తోటి కూలీల సాక్ష్యమే అతనికున్న బలం.

శాసనం ఉన్నంత మాత్రాన న్యాయం జరిగిందనుకోవడం పొరపాటు. పైబట్ట తిరిగి ఇవ్వాలని రాశారంటే ఇవ్వనివాళ్లు ఉన్నారనే అర్థం. క్రీ.పూ. 8వ శతాబ్దంలో తెకోవ గ్రామం నుంచి వచ్చిన ఆమోసు అనే పశువుల కాపరి ఉత్తర రాజ్యానికి వెళ్లి, కుదువ పెట్టిన బట్టల మీదే బలిపీఠాల పక్కన పవళించే పెద్దలను నిలదీశాడు. జత చెప్పుల ఖరీదుకు బీదవాణ్ణి అమ్మేస్తున్నారని దుయ్యబట్టాడు. మన సాహిత్య విద్యార్థులు ప్రవక్తలను చదివితే ఉపమానాల కోసం, లయ కోసం చదువుతారు. అది తప్పని అనను. అయితే ఆ చెప్పుల జత ఉపమానం కాదు, ధర అని తెలియకుండా ఆమోసు అర్థం కాడు.

అప్పుల రద్దు యూదులు కనిపెట్టింది కాదు. క్రీ.పూ. 17వ శతాబ్దంలో బబులోను రాజు అమ్మిసదూక బాకీలు మాఫీ చేసిన శాసనం దొరికింది. అంతకుముందు రాజులూ చేశారు. అక్కడ అది రాజు దయ. ఎప్పుడు తలిస్తే అప్పుడు, తలవకపోతే లేదు. ద్వితీయోపదేశకాండం పదిహేనో అధ్యాయంలో జరిగిన మార్పు చారిత్రకంగా పెద్దది. ప్రతి ఏడో సంవత్సరం బాకీ విడిచిపెట్టాలి. రాజు ప్రస్తావనే లేదు. దయ స్థానంలో పంచాంగం వచ్చింది.

క్రీ.పూ. 5వ శతాబ్దం నడుమ, పారశీకుల పాలనలో, యెరూషలేములో ఏం జరిగిందో నెహెమ్యా గ్రంథం చెబుతుంది. జనం, వాళ్ల ఆడవాళ్లు సహా, గగ్గోలు పెట్టారు. తిండిగింజల కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు తాకట్టులో పడ్డాయి. చక్రవర్తి పన్ను కట్టడానికి అప్పు చెయ్యవలసి వచ్చింది. కన్నబిడ్డలు బానిసలయ్యారు. గవర్నరు నెహెమ్యా పెద్దలను సభలో నిలబెట్టి, పొలాలు తిరిగి ఇస్తామని వాళ్లచేత ఒట్టు పెట్టించాడు. తానూ తన సోదరులూ కూడా అప్పులు ఇచ్చినవాళ్లమేనని దాచకుండా ఒప్పుకున్నాడు. పాలకుల ఆత్మకథల్లో ఇటువంటి వాక్యం ఎన్నిసార్లు కనబడుతుంది? ఆ ఒట్టుకు మూలం ఆ గగ్గోలే అన్నది మరచిపోకూడదు.

ఇక హిల్లేల్ సంగతి. క్రీ.పూ. 1వ శతాబ్దం చివర బబులోను నుంచి యెరూషలేముకు వచ్చిన ఈ పండితుడు రోజుకూలీ చేసి, వచ్చిన దాంట్లో సగం పాఠశాల కాపలాదారుకు ఇచ్చి చదువుకున్నాడని సంప్రదాయం. అప్పుల రద్దుకు గండి కొట్టింది ఈయనే. ఏడో సంవత్సరం దగ్గర పడుతుంటే ఉన్నవాళ్లు అప్పు ఇవ్వడం మానేశారు. విత్తనానికి, తిండికి పుట్టక బీదవాళ్లు అల్లాడారు. అప్పుడు హిల్లేల్ ‘ప్రోజ్‌బుల్’ అనే పత్రం ఏర్పాటు చేశాడు. పేరు గ్రీకుది. నా బాకీలను న్యాయాధిపతులకు అప్పగిస్తున్నాను, కావలసినప్పుడు వసూలు చేసుకుంటాను అని ఋణదాత రాయించుకుంటాడు. న్యాయస్థానం చేతిలో ఉన్న బాకీకి ఏడో సంవత్సరపు రద్దు వర్తించదు.

ఈ పత్రానికి ఒక షరతుంది. బాకీదారుకు భూమి ఉండాలి. లేకపోతే? ఋణదాతే తన పొలంలో ఎంతో కొంత ముక్క అతనికి ఇచ్చి పత్రం రాయించుకోవచ్చునని మిష్నా తీర్పు. భూమిలేని కూలీ ఆ విధంగా భూస్వామి అయ్యాడు, కాగితం మీద, తన అప్పు రద్దు కాకుండా ఉండేందుకు!

హిల్లేల్‌ను వడ్డీవ్యాపారుల మనిషి అని తేల్చెయ్యడం తొందరపాటు. అప్పు పుట్టని రైతు కష్టం ఆయన చూశాడు. ఉన్నవాడి గుప్పిట తెరిపించడానికి ఆయనకు దొరికిన దారి, లేనివాడి హక్కును మూసెయ్యడం. రెండూ నిజమే. న్యాయశాస్త్రంలో ఒక్క వెసులుబాటు ఎవరి పొలంలోకి నీళ్లు మళ్లిస్తుందో తెలుసుకోవాలంటే ఆ తర్వాతి పత్రాలు చూడాలి.

అదృష్టవశాత్తు అటువంటి పత్రం ఒకటి మిగిలింది. మృతసముద్రం దగ్గర మురబ్బాత్ గుహల్లో దొరికిన అరమాయిక్ ప్రోనోటు అది. నీరో చక్రవర్తి రెండో ఏట, అంటే క్రీ.శ. 55-56లో రాసింది. మొత్తం ఇరవై జూజులు, చిన్న బాకీ. గడువుకు తీర్చకపోతే అయిదో వంతు కలిపి ఇస్తాను, అది విడుదల సంవత్సరమైనా సరే అని బాకీదారు రాసిచ్చాడు. ధర్మశాస్త్రం తనకిచ్చిన హక్కును తానే వదులుకుంటున్నట్టు అతనిచేత రాయించుకున్నారు.

సుమారు పదేళ్లకు, క్రీ.శ. 66లో, యెరూషలేములో తిరుగుబాటు చెలరేగింది. తిరుగుబాటుదారులు ప్రధాన యాజకుడి ఇంటినీ రాజభవనాలనూ తగలబెట్టి, నేరుగా దస్తావేజుల భాండాగారానికి వెళ్లి ప్రోనోట్లకు నిప్పు పెట్టారు. బాకీదారులను తమవైపు తిప్పుకుని బీదవాళ్లను ధనికుల మీదికి లేపడానికే ఇలా చేశారని జోసీఫస్ రాశాడు. యాజక కుటుంబంలో పుట్టి, రోమనుల పంచన చేరిన చరిత్రకారుడు ఆయన. తిరుగుబాటుదారుల మీద ఆయనకున్న ద్వేషం అక్షరమక్షరానా కనబడుతుంది. అయినా కారణం మాత్రం దాచలేకపోయాడు. కాగితం ఎగవేసిన రద్దును జనం నిప్పుతో అమలు జరిపారు.

పండితుల మధ్య ఈ వాదం అంతటితో ఆగలేదు. క్రీ.శ. 3వ శతాబ్దంలో బబులోను పండితుడు షమూయేల్, ప్రోజ్‌బుల్ న్యాయాధిపతుల అహంకారమనీ, తనకు శక్తి ఉంటే రద్దు చేసేవాణ్ణనీ అన్నాడు. లేదు, స్థిరపరచాలని మరొకరు అన్నారు. తాల్ముద్ ఇద్దరి మాటనూ పక్కపక్కనే ఉంచింది. ఓడిన వాదాన్ని చెరిపెయ్యకపోవడం ఆ గ్రంథంలో నాకు నచ్చిన గుణం.

షమూయేల్ సమకాలికుడు రవ్ దగ్గరికి వచ్చిన తగాదా ఒకటి అదే తాల్ముద్‌లో ఉంది. ఒక పండితుడి ద్రాక్షారసం పీపాను మోతకూలీలు పగలగొట్టారు. ఆయన నష్టానికి వాళ్ల పైబట్టలు పట్టుకున్నాడు. బట్టలు ఇచ్చెయ్యమన్నాడు రవ్. ఇది చట్టమేనా అని యజమాని అడిగాడు. అవును, మంచివాళ్ల దారి అదే అన్నాడు రవ్. కూలీలు అక్కడితో ఊరుకోలేదు. బీదవాళ్లం, పొద్దంతా చాకిరీ చేశాం, ఆకలిగా ఉంది, చేతిలో ఏమీ లేదన్నారు. కూలి కూడా ఇవ్వమన్నాడు రవ్. ఇదీ చట్టమేనా? అవును. ఇది చట్టపు గీతను దాటిన ఔదార్యమని 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషీ వివరణ. రవ్ మాత్రం అడిగిన రెండుసార్లూ చట్టమనే అన్నాడు.

పీపా యజమాని పేరు తాల్ముద్ రాసింది, కూలీల పేర్లు రాయలేదు. కుండపెంకు మీద కూడా బట్ట లాక్కున్న హోషయాహు పేరు తండ్రి పేరుతో సహా ఉంది. కోతగాడి పేరు లేదు. కోట అధికారి ఏం జవాబిచ్చాడో చెప్పే పెంకు ఇంతవరకు దొరకలేదు.