ఓడించినవాళ్ళనే ఓడించిన రెండు జట్లు

కువైట్‌లో కాపురముంటున్న మనవాళ్ళు నలుగురు కలిసినచోట ఫుట్‌బాల్ ప్రస్తావన వస్తే సాధారణంగా రెండు మాటలు వినబడతాయి. "వీళ్ళకేమండీ, చమురు డబ్బుంది, బ్రెజిల్ నుంచి కోచ్‌ని తెచ్చుకున్నారు, గెలిచారు" అన్నది ఒకటి. "మనకు ఫుట్‌బాల్ ఎక్కడిదండీ, మనది క్రికెట్టేగా" అన్నది రెండోది. మొదటిది సగం నిజం. రెండోది శుద్ధ అబద్ధం. సంపాదకులు దయతలచి ఇచ్చిన ఈ రెండు పేజీల్లో ఆ సంగతే చెప్పుకుందామని నా ప్రయత్నం.

ముందు ఇక్కడి కథ. 1980 సెప్టెంబరులో ఆసియా కప్ పోటీలు కువైట్‌లోనే జరిగాయి. పది దేశాల జట్లు వచ్చాయి. ఇంటివారి జట్టు ఎమిరేట్స్ మీద గెలవలేక 1-1తో సరిపెట్టుకుంది. మలేషియాని 3-1తో ఓడించింది. ఆ తరువాత దక్షిణ కొరియా చేతిలో సొంత ఊళ్ళో, సొంత జనం కళ్ళముందు 3-0తో ఓడిపోయింది. అది పొరపాటున జరిగిపోయే ఓటమి కాదు. మూడు గోల్స్ ఇచ్చి ఒక్కటీ తిరిగి కొట్టలేకపోవడమంటే, ఎదుటివాడు అన్ని విధాలా మిన్న అని ఒప్పుకోవడమే. ఖతార్‌ని 4-0తో ఓడించి ఎలాగో సెమీఫైనల్ చేరారు.

ఈలోగా మరొకటి జరిగింది. సెప్టెంబరు 22న ఇరాక్, ఇరాన్‌ల మధ్య పూర్తిస్థాయి యుద్ధం మొదలైంది. బస్రా ఇక్కడికి ఎంత దూరమో పటం తీసి చూస్తే తెలుస్తుంది. పొద్దున కారులో బయలుదేరితే భోజనాల వేళకు చేరే దూరం. అటువంటి వారంలో సెమీఫైనల్‌లో కువైట్‌కి ఎదురుపడ్డది ఎవరనుకున్నారు? ఇరానే. కువైట్ 2-1తో గెలిచింది. న్యాయంగా మాట్లాడితే ఆ రోజు పెద్ద కష్టం ఇరాన్ ఆటగాళ్ళది. కాళ్ళు మైదానంలో ఉన్నా మనస్సులు ఇళ్ళ దగ్గరే ఉండి ఉంటాయి.

సెప్టెంబరు 30న ఫైనల్. ఎదురుగా మళ్ళీ దక్షిణ కొరియా. ఈసారి కువైట్ 3-0తో గెలిచింది. సాద్ అల్ హౌతీ ఒక గోల్, ఫైసల్ అల్ దఖీల్ రెండు. ఏ లెక్కన ఓడారో సరిగ్గా అదే లెక్కన గెలిచారు.

రెండు వారాల పైచిలుకు సాగిన పోటీలో ఇంత మార్పు ఎలా వచ్చింది? కోచ్ మారలేదు, ఆటగాళ్ళు మారలేదు. కొత్తగా నేర్చుకోవడానికి వ్యవధీ లేదు. అంచేత జవాబు ఆ రెండు వారాల్లో దొరకదు, వెనక్కి వెళ్ళాలి. 1970లో గల్ఫ్ కప్ మొదలైనప్పటినుంచి వరసగా నాలుగుసార్లు గెలిచింది కువైటే. 1976లో టెహరాన్‌లో ఆసియా కప్ ఫైనల్ దాకా వెళ్ళి ఇరాన్ చేతిలో 1-0తో ఓడింది. ఆ ఏడే బ్రెజిల్ మహానుభావుడు జగాలో వచ్చి 1978 దాకా తర్ఫీదు ఇచ్చాడు. ఆయన తరువాత పగ్గాలు పట్టిన పరేరా 1982 దాకా ఉన్నాడు (1994లో బ్రెజిల్‌కి ప్రపంచ కప్ గెలిపించింది ఈ పరేరాయే). ఆసియా కప్‌కి రెండు నెలల ముందు మాస్కో ఒలింపిక్స్‌లో, ఆ పోటీల్లో చివరికి స్వర్ణం గెలిచిన చెకొస్లొవేకియాని 0-0తో నిలువరించారు. దఖీల్, జాసిమ్ యాకూబ్, ఫతీ కామిల్ వంటివాళ్ళు 1976 నుంచీ కలిసి ఆడుతున్నవాళ్ళే. ఎవరు ఎటు పరుగెత్తుతాడో చూడకుండానే తెలిసినవాళ్ళు. కొరియా చేతిలో ఓడిన రాత్రి వాళ్ళకు ఆసరా అయింది ఆ ఏళ్ళే.

డబ్బుతో కోచ్‌ని తేవచ్చు, ఒప్పుకుంటాను. కాని 1982 తరువాత కువైట్ మళ్ళీ ప్రపంచ కప్‌కి వెళ్ళలేదు. 2015 అక్టోబరు నుంచి 2017 డిసెంబరు దాకా ఫిఫా వెలివేస్తే అంతర్జాతీయ ఆటలే లేవు. డబ్బు అప్పుడూ ఉంది.

ఇక మన సంగతి. కొరియా చేతిలో ఓడి, అదే పోటీ ఫైనల్‌లో కొరియాని ఓడించిన ముచ్చట మనకు కొత్త కాదు. కువైట్ కంటే 18 ఏళ్ళ ముందే, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు ఆ పని చేసింది. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదువాడు, వృత్తికి బడిపంతులు. మొదటి ఆటలో కొరియా 2-0తో ఓడించింది. థాయిలాండ్‌తో ఆడేటప్పుడు డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ తంగరాజ్‌కి జ్వరం. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వని విషయమై మన ప్రతినిధి సోంధీ అభ్యంతరం చెప్పినందుకు ఊరంతా మనవాళ్ళ మీద మండిపడుతోంది, స్టేడియం నిండా ఈలలు, కేకలు. అన్నిటినీ మించి రహీం సాహెబుకి క్యాన్సర్.

తలకు దెబ్బ తగిలినవాణ్ణి వెనక ఆడించడం ప్రమాదమని ఆయన జర్నైల్‌ని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. సెప్టెంబరు 4న ఫైనల్‌లో పి.కె. బెనర్జీ ఒక గోల్, ఆ జర్నైలే రెండోది కొట్టారు. 2-1తో స్వర్ణం మనది. సికిందరాబాదు పక్క అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరామ్, హైదరాబాదు పోలీసు జట్టు ఆటగాడు యూసుఫ్ ఖాన్ ఆ జట్టులోనివాళ్ళే. తంగరాజ్ పుట్టిందీ హైదరాబాదులోనే.

దీన్ని ఎత్తుగడ అంటారు కొందరు. 2024లో వచ్చిన హిందీ సినిమా చూసినవాళ్ళకు అదే గుర్తుంటుంది. నాకు మాత్రం దాని వెనక ఉన్న పదేళ్ళ పంతులుతనం పెద్దదనిపిస్తుంది. రహీం తయారుచేసిన హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. వాటం లేని కాలితోనే ఆడాలని నియమం పెట్టి ఆయన కుర్రాళ్ళకు పోటీలు నడిపేవాడు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో కొందరు ఒట్టి కాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడి వచ్చిన జట్టుకి కోచ్ ఆయనే. నాలుగేళ్ళకు మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం తెచ్చిందీ ఆయనే. పది గోల్స్ తిన్న కోచ్‌ని మర్నాడే ఇంటికి పంపించి ఉంటే జకార్తా ఎక్కడిది? ఇక్కడ చమురూ లేదు, బ్రెజిలూ లేదు.

1963 జూన్ 11న రహీం పోయాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ స్వర్ణం రాలేదు. బలరామ్ 2023 ఫిబ్రవరిలో కన్నుమూసినప్పుడు ఆయనెవరని మా ఇంట్లో పిల్లలే అడిగారు. దఖీల్ పేరు మాత్రం వాళ్ళకు తెలుసు.

కువైట్‌కి పోయింది ఇంకా దారుణంగా పోయింది. ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు షేక్ ఫహద్ అల్ అహ్మద్‌ని లోకం 1982లో ఫ్రాన్స్‌తో ఆట మధ్యలో మైదానంలోకి దిగి గోల్ రద్దు చేయించిన మనిషిగా గుర్తుపెట్టుకుంది. ఆ పని నాకూ నచ్చలేదు. కాని ఈ ఊరు ఆయన్ని గుర్తుపెట్టుకున్నది వేరే రోజుకి. 1990 ఆగస్టు 2న ఇరాకీ సైన్యం వచ్చిపడ్డప్పుడు దస్మాన్ రాజభవనం దగ్గర ఆయన ప్రాణాలు వదిలాడు. ఏడు నెలలు దేశమే లేదు. విముక్తి తరువాత ఏడాదిన్నరకి, 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌కి కువైట్ ఫుట్‌బాల్ జట్టు అర్హత సంపాదించి వెళ్ళింది. 23 ఏళ్ళ లోపు కుర్రాళ్ళ జట్టు. 1980 ఫైనల్ నాటికి వాళ్ళలో ఎవరికీ పదకొండేళ్ళు మించవు. అక్కడ మూడు ఆటలూ ఓడారు. 1996లో మస్కట్‌లోనూ, 1998లో బహ్రెయిన్‌లోనూ గల్ఫ్ కప్ మళ్ళీ కువైట్‌దే.