ఓడదారులు, దిక్సూచి, మన సీమ ఉక్కు

నేటి పిల్లలు కంప్యూటరు తెరమీద ఓడదొంగల ఆట ఆడుచున్నారు. ఒక చేత పటము, ఒక చేత దిక్సూచి. గుర్తు పెట్టిన దీవికి ఓడను నడిపి, నిధిని త్రవ్వి తెచ్చుకొనవలెను. ఈ నిధిపటముల ముచ్చట లోకమున వ్యాపించుటకు 1883లో గ్రంథరూపమున వెలువడిన స్టీవెన్సన్ నవల ముఖ్యకారణము. నిజమైన ఓడదొంగలు దోచినదానిని పాతిపెట్టుటకంటె పంచుకొని వ్యయము చేయుటకే త్వరపడినట్లు చరిత్ర చెప్పుచున్నది. సిరికొండ వంటి పసుపుపంట సీమకు సముద్రము మిక్కిలి దూరము. అయినను ఈ పటము, దిక్సూచి, దోపిడి అను మూడింటికిని తెలుగుదేశముతో గట్టి సంబంధము కలదు.

బంగారునకు దారి చూపు పటము మన తీరమున కొకటి నిజముగానే యుండెను. క్రీస్తుశకము 150 ప్రాంతమున టాలెమీ అను గ్రీకు భూగోళవేత్త లోకమునందలి రేవులకు అక్షాంశ రేఖాంశములు కట్టి పట్టికలు వ్రాసెను. అందు కృష్ణానది ముఖద్వారముల ప్రాంతమును మైసోలియా అనినాడు. దానికి పైన, సువర్ణభూమికి పోవు ఓడలు ఒడ్డు విడిచి నడిసముద్రమునకు మరలు చోటును ప్రత్యేకముగా పేర్కొనినాడు. ఆ చోటు సరిగా ఎక్కడనో పండితులలో ఏకాభిప్రాయము లేదు. యజ్ఞశ్రీ శాతకర్ణి సీసపు నాణెములపై రెండు తెరచాపకొయ్యల ఓడ నిలిచియుండుట చూచినచో, ఆనాటి సముద్రయానము మాటవరుస కాదని తెలియును.

అప్పటికి సూది లేదు. పగలు సూర్యుడు, రాత్రి నక్షత్రములు, ఋతువు ననుసరించి వీచు గాలి, ఇవియే నావికునకు ఆధారము. నేల కానరానప్పుడు ఓడలో పెంచిన పక్షిని విడుచుట కలదు. అది తిరిగిరాక పోయిన దిక్కుననే తీరమున్నదని తెలిసికొనెడివారు. బౌద్ధుల దీఘనికాయమున ఈ పక్షి ప్రసక్తి యున్నది. చీనాలో షెన్ కువో 1088లో అయస్కాంతపు సూదిని వర్ణించెను. 1119 నాటికి అచటి నావికులు మబ్బు పట్టిన దినములలో దానిని చూచి ఓడ నడపుచుండిరి. 1282లో ఒక అరబ్బీ గ్రంథకర్త, హిందూమహాసముద్ర నావికులు చేప యాకారముగల బోలు ఇనుపరేకును నీటిపై తేలవిడిచి దిక్కు నెరుగుదురని వ్రాసెను.

అయితే సూది దిక్కు చూపునే గాని తుపాను నాపదు. తుపాను ఓడను తాను కోరని తీరమునకు త్రోసినప్పుడు ఏమి జరుగును? ఇక్కడనే అసలు ఓడదొంగ కనబడును, అతని తలపై కిరీటముండును! ఒక దేశమునుండి మరొక దేశమునకు పోవుచు గాలివానకు చెడి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు సర్వము తమదేయని పూర్వరాజులు హరించుచుండిరి. ఈ మాట మనము కల్పించినది కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244–45లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనము చెప్పుచున్నది. ప్రాణముకంటె ధనము మిన్నయని తలచి సముద్రమున సాహసించు వర్తకులయెడ దయతో, నిర్ణీత సుంకము తప్ప మిగిలిన దంతయు వారికే విడిచితిమని రాజు ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకము ముప్పదింట ఒకవంతు. రాజునకు కీర్తికాంక్షయు లాభాపేక్షయు ఉండియుండవచ్చును. ఓడ వచ్చిననే గదా సుంకము! ఎట్లయినను, దారితప్పిన నావికునకు సూదికంటె ఈ రాతిమాటయే ఎక్కువ ఆధారమని మా అభిప్రాయము.

ఇక మన సీమకు వత్తము. సూదికి మెత్తని ఇనుము పనికిరాదు, అయస్కాంతగుణమును త్వరగా విడుచును. ఉక్కైనచో చిరకాలము నిలుపుకొనును. అట్టి మేలైన ఉక్కునకు ఆర్మూరునకు తూర్పున, కమ్మర్‌పల్లి చేరువనున్న కోనసముద్రము లోకప్రసిద్ధము. పేరున సముద్రమున్నది గాని అది చెరువును బట్టి వచ్చిన మాట; పెద్ద చెరువును సముద్రమనుట మనవారి వాడుక. అయితే ఇక్కడి ఉక్కు సూదులకుగాక కత్తులకే పోయెను. సిరికొండ పొరుగుననే యున్న ఇందల్వాయిలో కత్తులు, బాకులు, ఈటెలు విశేషముగా తయారై దేశమంతట అమ్ముడుపోవుచున్నవని 1667 ప్రాంతమున ఈ దారిని నడచిన ఫ్రెంచి యాత్రికుడు థెవనో వ్రాసెను.

1820 ప్రాంతమున కోనసముద్రమునకు వాయిసీ అను వైద్యుడు వచ్చెను. లాంబ్టను దొర నడపిన మహాత్రికోణ సర్వేకు అతడు వైద్యుడు, శిలాశాస్త్రజ్ఞుడు. ఆ సర్వేవారు సూదిని నమ్మినవారు కారు. గొలుసుతో నేలను, థియోడొలైటుతో కోణములను కొలిచిరి. అయస్కాంతశిల గల కొండలకడ సూది పెడదారి పట్టును గదా. 1819లో కృష్ణా గోదావరుల నడిమి అడవులలో ఎవరెస్టు పరివారము విషజ్వరముపాలై హైదరాబాదునకు తిరిగిపోవలసివచ్చెను. ఆ పటము కంపెనీవారికి వట్టి శాస్త్రము కాదు, దేశపు సంపద తెలియజేయు నిధిపటమే.

మెట్‌పల్లి ఇనుమును, కొండాపురపు ఇనుమును కలిపి మట్టిమూసలలో పెట్టి, రేయింబవళ్లు కాచి ఉక్కు దించు విధానమును వాయిసీ వ్రాసికొనెను. ఇస్ఫహానునుండి వచ్చి అక్కడ ఉక్కు కొనుచున్న పారసీక వర్తకుని అతడు చూచెను. తమ దేశమున ఈ పని చేయజూచి విఫలులైతిమని ఆ వర్తకుడు చెప్పెనట. 1824లో వాయిసీ మరణించెను. అతని వ్యాసము 1832లో అచ్చయినది. తరువాత విదేశపు ఉక్కు చౌకగా వచ్చిపడగా కొలుములు ఆరిపోయెను. ఉత్తర తెలంగాణములో ఇటీవల వెదకిన పురాతత్త్వవేత్తలకు ఎన్నో గ్రామములలో మూసల పెంకులును, చిట్టెపు దిబ్బలును కనబడినవి.