తూము తెరిచేదొకటి, నీరు తోడేదొకటి

శరీరంలోని ప్రతి కణం చుట్టూ కొవ్వుతో ఏర్పడిన పలుచని త్వచం ఉంటుంది. విద్యుదావేశం గల సోడియం, పొటాషియం అయానులు ఈ కొవ్వు పొరను తమంతట తాము దాటలేవు. వాటి కోసం త్వచంలో ప్రోటీన్లతో తయారైన ద్వారాలున్నాయి. వీటినే అయాను మార్గాలు అంటాం. త్వచం మీది వోల్టేజి మారినప్పుడు కొన్ని, తగిన రసాయనం తాకినప్పుడు కొన్ని తెరుచుకుంటాయి.

గోదావరి డెల్టా పొలాలు చూసినవారికి ఇది తేలికగా బోధపడుతుంది. కాలువ తూము తలుపు ఎత్తితే నీరు పల్లానికి దానంతట అదే పారుతుంది. అయాను మార్గం తీరూ అంతే. ఒక్క పొటాషియం మార్గం గుండా సెకనుకు కోటి వరకు అయానులు దాటగలవు. ఆ ప్రవాహానికి కణం అప్పటికప్పుడు శక్తిని ఖర్చు చేయనక్కరలేదు. నాడిలో ప్రచోదనం సాగేది ఇటువంటి అయాను ప్రవాహాల వల్లనేనని 1952లో ఇంగ్లండుకు చెందిన హాడ్జ్‌కిన్, హక్స్‌లీ స్క్విడ్ నాడిపై ప్రయోగాలతో వివరించారు.

మరి పల్లానికి పారిన నీటిని తిరిగి మెరకకు ఎత్తేదెవరు? నాడిలోకి చొరబడిన సోడియాన్ని బయటికి తోడకపోతే కొంతకాలానికి నాడి మూగబోతుంది. ఇక్కడ ఏతం పని చేసేది సోడియం-పొటాషియం పంపు. డెన్మార్క్ శాస్త్రవేత్త స్కౌ 1957లో పీత నాడుల్లో దీని ఆచూకీ పట్టుకున్నారు. ఒక ఏటీపీ అణువు ఖర్చుతో ఈ పంపు మూడు సోడియం అయానులను బయటికి పంపి, రెండు పొటాషియం అయానులను లోపలికి తెస్తుంది.

ఈ ఏటీపీ కథలో మన తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికా చేరారు. హార్వర్డ్ వైద్య కళాశాలలో ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. ఆ పద్ధతి సాయంతోనే కండరంలో 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. అప్పటికి వారు వెదుకుతున్నది కండరం గుట్టు. నాడి ఊసే లేదు.

ఈ రెండు కథలనూ కలిపింది ఒక చక్కని ప్రయోగం. స్క్విడ్ నాడిలో శక్తి ఉత్పత్తిని విషంతో ఆపితే సోడియాన్ని తోడే పని నిలిచిపోయింది. కానీ ప్రచోదనాలు మాత్రం కొంతసేపు సాగుతూనే ఉన్నాయి! అంటే ఏతం ఆగినా, చెరువులో నీరున్నంతసేపు తూము పారుతుందన్నమాట. 1960లో కాల్డ్‌వెల్, హాడ్జ్‌కిన్, కీన్స్, షా అటువంటి నాడిలోకి ఏటీపీ వంటి ఫాస్ఫేట్లను ఎక్కించగా, ఆగిన పంపు కొంతమేరకు మళ్ళీ కదిలింది.

హాడ్జ్‌కిన్, హక్స్‌లీలకు 1963లో, స్కౌకు 1997లో, పొటాషియం మార్గం ఆకృతిని చూపిన మెకినన్‌కు 2003లో నోబెల్ బహుమతులు లభించాయి. 1948లో కన్నుమూసిన సుబ్బారావుకు ఆ గౌరవం దక్కలేదు. అయితే బహుమతుల జాబితా ఒక్కటే విజ్ఞాన చరిత్ర కాదు. తూము గురించి చదివే విద్యార్థి, చెరువు నింపే శక్తిని గుర్తించినవారి పేరునూ తెలుసుకోవాలి.