హిమాలయ సంధ్య – రోరిక్ చిత్రములు

హిమాలయ సంధ్యాశోభను పటములకెక్కించిన చిత్రకారులలో నికొలాస్ రోరిక్ సుప్రసిద్ధుడు. ఈయన 1874లో రష్యా దేశమునందలి సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరమున జన్మించెను. 1923లో సకుటుంబముగా భారతదేశమునకు వచ్చి, మధ్య ఆసియాలో సుదీర్ఘయాత్ర సాగించి, 1928లో కులూ లోయయందలి నగ్గర్ గ్రామమున స్థిరపడెను.

ఈయన సంధ్యాచిత్రములందు చెట్టుచేమల వివరములు వెదకినను అంతగా కానరావు. కొండలు వరుసలు వరుసలుగా, ఒక్కొక్క వరుస ఒక్కొక్క వన్నెతో నిలుచును. లోయలు నీలిచీకటిలో మునుగగా, శిఖరములపై మాత్రము కడపటి వెలుగు మిగిలియుండును. టెంపెరా వర్ణములగుటచే తైలవర్ణముల మెరపు లేక పటము ప్రశాంతముగ నుండును.

1914లో, మొదటి ప్రపంచయుద్ధమున, బెల్జియము దేశపు లూవేన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయము అగ్నికి ఆహుతి అయ్యెను. యుద్ధకాలమునందును విద్యాసంస్థలకు, కళానిలయములకు హాని కలుగరాదని రోరిక్ పట్టుబట్టెను. ఆయన ప్రతిపాదించిన ఒడంబడికపై 1935 ఏప్రిల్ 15వ తేదీన వాషింగ్టన్‌లో 21 అమెరికా ఖండరాజ్యములు సంతకము చేసినవి. స్వతంత్ర భారతదేశము 1948లో దానిని ఆమోదించెను. అప్పటికి ఆ చిత్రకారుడు లేడు. 1947 డిసెంబరులో నగ్గర్‌లోనే కన్నుమూసెను.

కొండకొనపై కడపటి వెలుగును పటమున నిలిపినవాడే, గ్రంథములను చీకటి కమ్మకుండ కాపాడబూనెను. గ్రంథాలయము గల ప్రతి గ్రామమును ఆయనకు ఋణపడియున్నది.