నేల టికెట్టు నుంచి మల్టీప్లెక్సు దాకా

మన సంఘం స్వర్ణోత్సవ సంచికలో బడి చరిత్ర చాలామంది మిత్రులు రాస్తారు. బడి తర్వాత మన తరానికి లోకాన్ని చూపించిన ఇంకో చోటు గురించి నేను నాలుగు మాటలు రాస్తాను. అది సినిమా హాలు. ఈ యాభై ఏళ్లలో తెలుగు ఊళ్లలో అంతగా రూపు మారిన చోటు ఇంకొకటి లేదేమో.

హాలుకూ మల్టీప్లెక్సుకూ తేడా ఏమిటంటే ఏసీ, మెత్తటి సీట్లు, మంచి సౌండు అని చెబుతాం. అవన్నీ నిజమే. కానీ అసలు తేడా డబ్బు వచ్చే దారిలో ఉంది. పాత హాలు ఒకే సినిమాను ఎక్కువ రోజులు ఆడించి బతికింది. మల్టీప్లెక్సు చాలా సినిమాలను కొద్ది రోజులు ఆడించి బతుకుతుంది. మిగతా మార్పుల్లో చాలావరకు ఇక్కడి నుంచే వచ్చాయి.

తొలి హాళ్లు

తెలుగువారి హాళ్ల కథ మద్రాసులో మొదలవుతుంది. మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య నాయుడు 1914లో అక్కడ గెయిటీ థియేటర్ కట్టించారు. బెజవాడలో 1921లో పోతిన శ్రీనివాసరావు మారుతీ సినిమా హాలు కట్టారు. ఆ తర్వాత కోస్తా పట్టణాల్లో మిల్లుల యజమానులు, పొగాకు వ్యాపారులు, పెద్ద రైతులు పంట మీద మిగిలిన డబ్బును హాళ్లలో పెట్టారు. హాలు సొంతదారు ఊరివాడే. ఫ్యాను తిరగకపోయినా, టికెట్లు బ్లాకులో పోయినా జనం వెళ్లి నిలదీయడానికి మనిషి కళ్లెదుట ఉండేవాడు.

హాలు లేని ఊళ్లకు టూరింగ్ టాకీసు వచ్చేది. డేరా, ఇసుక నేల, ఒకే ప్రొజెక్టరు. రీలు అయిపోయినప్పుడల్లా లైట్లు వేసి ఇంకో రీలు ఎక్కించేవారు. అందుకే ఆ ఆటకు ఒకటి కాదు, నాలుగైదు ఇంటర్వెల్స్ ఉండేవి.

నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ

ఆ రోజులను తలుచుకుంటూ హాల్లో అందరూ సమానమే అన్నట్టు రాయడం అలవాటైంది. అది నిజం కాదు. నేలకు ఒక గేటు, బాల్కనీకి ఒక మెట్ల దారి. చాలా హాళ్లలో ఆడవాళ్లకు వేరే వరసలు, వేరే కౌంటరు. నల్లులు, ఉక్క, బీడీ పొగ ఎవరూ మరిచిపోలేరు. అయినా కూలివాడూ మిల్లు యజమానీ ఒకే కప్పు కింద, ఒకే ఆట చూశారు. మధ్యలో గోడ ఉన్నా తెర మాత్రం ఒక్కటే. ఈ మాత్రం కలయిక కూడా ఊళ్లో ఇంకెక్కడా దొరికేది కాదు.

దీన్ని నిలబెట్టింది ప్రింట్ల కొరత. ఒక్కో ప్రింటు ఖరీదు ఎక్కువ కాబట్టి కొద్ది ప్రింట్లే తీసేవారు. సినిమా మొదట పెద్ద పట్టణాల్లో, తర్వాత చిన్న పట్టణాల్లో, చివరికి పల్లెల్లో ఆడేది. ఏ, బీ, సీ సెంటర్లు అన్న మాట అలా వచ్చింది. పంపిణీకి నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, కృష్ణా, గుంటూరు అంటూ ప్రాంతాలు పంచుకున్నారు. 1800లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేసిన జిల్లాల పేరు ఈనాటికీ సినిమా వ్యాపారంలో ‘సీడెడ్’గా బతికే ఉంది. ఆలస్యంగా వచ్చినా ప్రతి హాలుకూ తన వంతు వచ్చేది. చిన్న ఊరి హాలుకు ఆ వంతే ఆదాయం.

ఖాళీ కుర్చీకీ పన్ను

1980ల్లో టీవీ, వీడియో వచ్చి హాళ్లకు గండి కొట్టాయని అందరికీ తెలుసు. పన్ను సంగతి తెలిసినవాళ్లు తక్కువ. అంతకుముందు అమ్మిన టికెట్టు మీద వినోదపు పన్ను ఉండేది. 1984 సవరణతో ఆంధ్రప్రదేశ్‌లో హాలు నిండితే ఎంత వసూలవుతుందో లెక్కగట్టి, అందులో ఇంత శాతం అని ప్రతి ఆటకూ పన్ను వేశారు. ఊరి స్థాయిని, హాలు రకాన్ని బట్టి శాతం మారేది. హాలు నిండినా, సగం ఖాళీగా ఉన్నా పన్ను మారదు. యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1993లో కోర్టు ప్రభుత్వ పద్ధతినే సమర్థించింది. దొంగ లెక్కలకు తావు తగ్గిన మాట నిజం. జనం పలచబడిన పెద్ద హాలుకు మాత్రం ఖాళీ కుర్చీలు బరువయ్యాయి.

మల్టీప్లెక్సు రాక

దేశంలో తొలి మల్టీప్లెక్సుగా పేరుపొందిన పీవీఆర్ అనుపమ్ 1997లో ఢిల్లీ సాకేత్‌లో తెరుచుకుంది. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కుటుంబం 2003లో ప్రసాద్స్ ప్రారంభించింది. దీని బలం తెరల సంఖ్యలో ఉంది. సినిమా ఆడితే పెద్ద తెర, తగ్గితే చిన్న తెర. ఎనిమిది వందల సీట్ల హాలుకు ఆ వీలు లేదు. సినిమా పోతే వారమంతా పోయినట్టే. పైగా మల్టీప్లెక్సుకు టికెట్టుతో పాటు తినుబండారాలు, ప్రకటనలు కూడా పెద్ద ఆదాయమే. బయటి తిండిని వద్దనే హక్కు థియేటరుకు ఉందని, మంచినీళ్లు మాత్రం ఉచితంగా ఇవ్వాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. హాలు ఇంటర్వెల్లో డబ్బు గేటు బయట బజ్జీల బండికి, సోడా బండికి పోయేది. ఇప్పుడది లోపలే ఉంటోంది.

మంచీ ఉంది. శుభ్రమైన మరుగుదొడ్లు, ఆడపిల్లలు భయం లేకుండా రాగల వాతావరణం చిన్న విషయాలు కావు. ‘పెళ్లిచూపులు’, ‘కేరాఫ్ కంచరపాలెం’ లాంటి చిన్న సినిమాలకు నూటయాభై సీట్ల తెరలు నిలదొక్కుకునే చోటిచ్చాయి.

చిన్న ఊరి హాలును నిజంగా దెబ్బతీసింది డిజిటల్ ప్రదర్శన. ప్రింటు అక్కర్లేదు కాబట్టి సినిమా ఒకే రోజు వందల హాళ్లలో పడుతుంది. మొదటి రోజే కొత్త సినిమా మన ఊరికీ వచ్చిందని సంబరపడ్డాం. దాంతో ‘వంతు’ పోయింది. వసూళ్లన్నీ మొదటి మూడు రోజులకు కుదించుకుపోయాయి. నాలుగో రోజు నుంచి హాలుకు పని లేదు.

ధర తగ్గిస్తే హాలు బతుకుతుందా? 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ పంచాయతీల్లోని ఏసీ లేని హాళ్లకు కనిష్ఠ టికెట్టు 5 రూపాయలని నిర్ణయించింది. నడపలేమంటూ డిసెంబరులో చాలా హాళ్లు మూతపడ్డాయి. 2022 మార్చిలో ధరలు సవరించారు. పేదవాడి టికెట్టు ఉండాలన్నది న్యాయమే. హాలు ఖర్చు ఎవరు భరిస్తారో తేలకుండా అది నిలవదు.

ఇంకో మాట. విడి హాళ్లన్నీ ఇప్పుడు స్వతంత్రం కావు. చాలావాటిని కొద్దిమంది నిర్మాతలు, పంపిణీదారులు లీజుకు తీసుకున్నారు. అద్దె కాదు, మల్టీప్లెక్సులకు ఇచ్చినట్టు వసూళ్లలో వాటా ఇవ్వాలని 2025 మేలో ప్రదర్శకులు పట్టుబట్టారు. జూన్ 1 నుంచి మూసేస్తామని చెప్పి, తర్వాత విరమించుకున్నారు. అటువైపు పీవీఆర్, ఐనాక్స్ 2023లో ఒకే కంపెనీ అయ్యాయి. అమీర్‌పేటలో సత్యం థియేటర్ ఉన్న చోట అదే ఏడాది మల్టీప్లెక్సు తెరుచుకుంది. ఊరివాడి చేతిలో ఉన్న తెర రెండు వైపుల నుంచీ తగ్గిపోతోంది.

మనం చేయగలిగింది

హాళ్లను తిరిగి కట్టించే శక్తి మనకు లేదు. రెండు పనులు చేయవచ్చు. కార్బన్ కడ్డీలు వెలిగించి బొమ్మ వేసిన ఆపరేటర్లు, గేటు మనుషులు, బండి మీద మైకుతో ప్రచారం చేసినవాళ్లు ఇంకా కొందరు ఉన్నారు. డెబ్భై దాటిన ఆ పెద్దల మాటలు మన సంఘం రికార్డు చేయాలి. వాళ్ల దగ్గరున్న కరపత్రాలు, టికెట్లు, స్లైడులు బడి గ్రంథాలయంలో భద్రపరచాలి. రెండోది, వచ్చే సమ్మేళనానికి ఫంక్షన్ హాలుతో పాటు నడుస్తున్న ఒక పాత హాలులో మార్నింగ్ షో మొత్తం మన సంఘం పేరున తీసుకుందాం. పిల్లలనూ మనవలనూ తీసుకువద్దాం. ఆ ఒక్క పూటైనా ఆ హాలు నిండుతుంది.